జేబులో దాచిన మాట

"ఈ కాగితాలు పెట్టింది నేనేనని ఎవరైనా పసిగడితే? పని పోతుంది. లాండ్రీవాళ్లిచ్చిన ఈ గది పోతుంది. ఎదిగిన పిల్లని వెంటేసుకుని ఏ చూరు కింద నిలబడను?"

దిగులమ్మ అప్పటికి ఒక్క కాగితమూ ఎక్కడా పెట్టలేదు. సంచిలోంచి సువార్త కాగితాల కట్ట బయటికి తీసిందంతే.

కూతురు జడ అల్లుకుంటూ నవ్వింది. "దేవుడి గురించి చెప్పడానికి వెళ్తున్నావా అమ్మా, కన్నం వెయ్యడానికి వెళ్తున్నావా?"

"నీకన్నీ వేళాకోళమే."

దిగులమ్మ అన్నది లాండ్రీలో పెట్టిన పేరు. మబ్బు పడితే కరెంటు పోతుందని, కరెంటు ఉంటే ఇస్త్రీపెట్టె షాకు కొడుతుందని, ఆవిడకి ఏ రోజుకారోజు ఒక ప్రళయం సిద్ధంగా ఉండేది.

ఆ కట్ట ఇచ్చింది ప్రార్థన హాలులో మైకు పట్టుకుని ప్రసంగించే పెద్దాయన. ఆదివారం ఆయన ధైర్యం మీద గంటన్నర గర్జించాడు. వింటున్నవాళ్లంతా విశ్వాసులే, తలుపులు వేసే ఉన్నాయి, కాబట్టి ఆ ధైర్యానికి వచ్చిన ఆపదేమీ లేదు. ఆయనేమో ఇరవయ్యేళ్లుగా ప్రార్థనకని చెప్పకుండా పక్కింటివాళ్లకి "మీటింగుకి వెళ్తున్నా" అని చెప్పి వచ్చే మనిషి. చివర్లో ఆడవాళ్లని పిలిచి తలో కట్ట చేతిలో పెట్టి, "మీ పనిచోట ప్రకటించండమ్మా" అన్నాడు. తనకోసం ఒక్కటీ ఉంచుకోలేదు. దిగులమ్మకి లోపల ఒళ్లు మండింది. అయినా ఆయనకీ ఈవిడకీ తేడా మైకు ఒక్కటే.

లాండ్రీకి ఆసుపత్రి బట్టలొచ్చేవి. జేబులక్క మురికి కోట్ల జేబులు దులిపి పెన్నులూ, చీటీలూ తీసేది. తర్వాత ఉతుకు, ఆరవేత. ఆఖర్న దిగులమ్మ ఇస్త్రీ. ఆ రోజు దిగులమ్మ నాలుగువైపులా చూసి, ఇస్త్రీ చేసిన డాక్టర్ల కోట్లు పన్నెండింటికీ తలో కాగితం జేబులో దోపింది. నోరు మెదపకుండా సువార్త చెప్పేశానని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

సాయంత్రం సూపర్వైజరు వచ్చాడు. ఆ పన్నెండింటినీ వెలుతురులో తిప్పి చూసి, "మరకలు పోలేదు, వాపసు" అని ఉతుకు గదిలోకి విసిరాడు. వాపసు బట్టల జేబులు మళ్లీ ఎవరూ చూడరు, ఒకసారి చూసినవే కదా అని. ఆ సంగతి దిగులమ్మకి తెలుసు. నాలుగడుగులు వేసి కాగితాలు తీసేసుకుంటే సరిపోయేది. కాళ్లు కదలలేదు. దేవుణ్ణి ప్రకటించబోయిన మనిషి, మిషను మూత పడుతుంటే కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున్న పన్నెండు కోట్లకీ గంజి ముద్దలా కాగితం అతుక్కుని ఉంది. ఒక్క జేబులో మాత్రం ఒక ముక్క మిగిలింది. దాని మీద ఒకే మాట: "నీ కొరకు వేచియున్నాను."

సూపర్వైజరు అందరినీ బల్లల దగ్గరికి పిలిచి ఆ ముక్క ఎత్తి పట్టుకున్నాడు. "డాక్టరుగారికి ప్రేమలేఖ. జేబులు ఎవరి పని?"

నవ్వులు లేచాయి. "జేబులక్కా, ఎన్నాళ్లుగా సాగుతోందే?" అంది ఉతుకు గదిలోంచి ఒకావిడ.

జేబులక్క ముఖం ఎర్రబడింది. "నాకు సంతకమే రాదు. వేలిముద్ర వేసేదాన్ని, లేఖలెక్కడ రాస్తాను? యాభై దాటాక నాకేం పొయ్యేకాలం?"

"రాయించి ఉంటావు. సాయంత్రం లెక్క చూసుకుని వెళ్లిపో. రేపట్నించి రావద్దు."

జేబులక్క ఎవరో వస్తారని చూస్తున్నట్టు గుమ్మం వైపు చూసింది. రావడానికి ఆవిడకి ఎవరూ లేరు.

దిగులమ్మకి గది, గదిలో కూతురు, వీధిన పడ్డ సామాను వరసగా కళ్లముందు తిరిగాయి. అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను పెట్టాను సార్. అది దేవుడి కాగితం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మళ్లీ నవ్వులు. "దేవుడు డాక్టరు జేబులో వేచి ఉన్నాడా? టోకెను తీసుకున్నాడా, లేదా?" అన్నాడు కోట్లు మోసేవాడు.

సూపర్వైజరు నవ్వలేదు. జేబులక్కని పనిలోకి పొమ్మని చెయ్యూపి, దిగులమ్మ వైపు తిరిగాడు. "ఆ కోట్లకి అంటుకున్నదంతా గోటితో గీకు. సాయంత్రానికి తెల్లగా కనపడకపోతే గది తాళం తెచ్చివ్వు."

అందరూ వెళ్లారు. దిగులమ్మ కోటు పరుచుకుని గీకడం మొదలెట్టింది. కాసేపటికి జేబులక్క ఎదురుగా వచ్చి కూర్చుని, ఇంకో కోటు లాక్కుని తనూ గీకసాగింది. మూడు కోట్లు అయ్యాయి.

"ఆరేళ్లు," అంది జేబులక్క తల ఎత్తకుండా. "ఆరేళ్లుగా నీ పక్కనే ఉన్నాను. నీ కూతురి జ్వరం చెప్పావు, నీ నడుం నొప్పి చెప్పావు, రాని వానకి కూడా నా దగ్గరే ఏడ్చావు. ఇది మాత్రం మొహమైనా చూడని డాక్టరుకి చెప్పుకున్నావు. చదవడం రాదు కదా, దీనికెందుకులే అనుకున్నావా?"

దిగులమ్మ గోళ్లు ఆగిపోయాయి.

"ఇంతకీ ఎవరే ఆ వేచి ఉన్నాయన?"

అవతల మిషను తిరిగి తిరిగి నీళ్లు వదిలేసింది. మళ్లీ నీళ్లు పట్టింది. జేబులక్క ఇంకో కోటు అందుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"యేసు, అక్కా," అంది దిగులమ్మ చివరికి. "నాకు సరిగా చెప్పడం రాదు. భయమేసినప్పుడల్లా ఆయన్నే పిలుస్తాను. నాకు రోజుకెన్నిసార్లు భయమేస్తుందో నీకు తెలుసుగా. ఒక్కసారి కూడా విసుక్కోలేదు."