గడ్డం మీది పుండు

కదులుతున్న దవడపన్ను తీయించడానికి జ్ఞానయ్యను కూతురు పుష్పమ్మ తర్లుపాడు నుంచి ఆటోలో మార్కాపురం తీసుకొచ్చింది. పన్ను తీయడం పది నిమిషాల్లో అయిపోయింది. ముసలాయన దూది కరిచిపట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పళ్ల డాక్టర్ కృపారాణి చూపు పుష్పమ్మ మీద పడింది. ఆమె కొంగుతో గడ్డం కప్పుకుని మాట్లాడుతోంది.

“గడ్డానికి ఏమైందక్కా?”

“పుండు మేడం. రెండేండ్ల నుంచి మానలేదు. ఎండుతాది, మళ్లీ చీము కారుతాది. పూయని ఆయింట్‌మెంట్ లేదు. చర్చిలో అన్నం వడ్డించేదానికి పిలవడం గూడ మానేసినారు.”

“ఈ కుర్చీలో కూర్చో, ఎక్స్‌రే తీస్తా.”

“నా పండ్లకేం నొప్పి లేదే?”

“కొన్నిటికి నొప్పి ఉండదక్కా.”

కృపారాణి పుండు రంధ్రంలోకి సన్నని రబ్బరు పుల్లను మెల్లగా దూర్చి, అలాగే ఎక్స్‌రే తీసింది. తెరమీద ఆ పుల్ల తెల్లటి గీతలా కనిపించింది. చర్మం దగ్గర మొదలై ఎముకలోకి పోయి, కింది ముందు పళ్లలో ఒకదాని వేరు చివర ఆగింది. అక్కడ ఎముక ఉండాల్సిన చోట శనగగింజంత నల్లటి మచ్చ. పక్క పళ్ల వేళ్ల దగ్గర అలాంటిదేమీ లేదు.

అయినా ఆమె అంతటితో తేల్చేయలేదు. మంచులా చల్లబరిచిన దూదిని ఒక్కో పంటికి ఆనించి చూసింది. పక్క పళ్లకు తగిలినప్పుడు పుష్పమ్మ ఉలిక్కిపడింది. ఆ పంటికి తగిలినప్పుడు మాత్రం ఊరికే చూస్తూ ఉండిపోయింది.

“ఈ పన్ను లోపల చచ్చిపోయింది. ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?”

పుష్పమ్మ కింది పెదవి తడుముకుంది. “బోరింగు హ్యాండిలు ఎగిరి మూతికి తగిలింది. పెద్దపాప కడుపులో ఉన్నప్పుడు. అది ఇప్పుడు ఎనిమిదో తరగతి.”

“అప్పటి దెబ్బే. లోపల ఏండ్ల తరబడి మెల్లగా చీము చేరి బయటికి దారి చేసుకునింది. పైన ఎంత పూసినా మానదు.”

“అయితే పీకేస్తారా?”

“వద్దు. పంటి లోపల శుభ్రం చేసి మూసేస్తే చాలు.”

జ్ఞానయ్య దూది తీసి, “రెండేండ్లు ఇన్ని చోట్ల తిరిగినాం గదమ్మా, ఒక్కరన్నా నోరు తెరువమనలేదే!” అన్నాడు.

పుష్పమ్మ మూడుసార్లు వచ్చింది. రెండోసారికే చీము ఆగింది. ఆరు నెలల తర్వాత తీసిన ఎక్స్‌రేలో మచ్చ సగానికి తగ్గింది, అంచుల నుంచి ఎముక పూడుకొస్తోంది. గడ్డం మీద చిన్న గుంట మిగిలింది.

“దాన్ని గూడ పోగొట్టొచ్చక్కా, చిన్న కోత పెడితే.”

“ఉండనీండి మేడం.” పుష్పమ్మ అద్దంలో చూసుకుంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది: “మా వీధిలో రూబీకి దవడ కింద ఇట్లనే కారుతాంది. పిలుచుకోని రానా?”

“తీసుకురా. అన్నీ పంటి వల్లనే కావు. చూసి చెప్తా.”

తర్వాతి సోమవారం పుష్పమ్మ, రూబీ ఇద్దరూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.