నడిస్తేనే మరిగే జీపు

సంపత్ జీపుకు ఒక వింత జబ్బు ఉండేది. సూరత్ ట్రాఫిక్‌లో గంటసేపు నిలబెట్టినా కిక్కురుమనేది కాదు. హైవే ఎక్కి నాలుగు కిలోమీటర్లు హాయిగా పరుగెత్తిందో లేదో, బానెట్ కిందనుంచి బుస్సుమని ఆవిరి వచ్చేది. లోకంలో బండ్లన్నీ ఆగితే వేడెక్కుతాయి, నడిస్తే చల్లబడతాయి. ఈ జీపుది అడ్డం తిరిగిన బుద్ధి. యజమాని పోలిక వచ్చిందని సంపత్ భార్య జమున అనేది. ఆమె మాటను కాదనడానికి నా దగ్గర ఆధారాలేవీ లేవు.

సంపత్ సూరత్ పక్కనున్న జోల్వాలో ఒక లూమ్ షెడ్డుకు మాస్టరు. మాస్టరంటే పాఠాలు చెప్పేవాడు కాదు, అరవై మగ్గాల్లో ఏది మొరాయించినా నట్లు విప్పి దారికి తెచ్చేవాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. రెండేళ్ల ఆదివారాలన్నీ ధారపోసి ఒక పాత జీపును నిలబెట్టుకున్నాడు. దాని సొంత ఇంజన్ ఏనాడో పోయింది. సంపత్ ఊరివాడే, చిన్నప్పటి స్నేహితుడే అయిన మల్లేష్ ఒక సరుకుల బండి నుంచి విప్పిన డీజిల్ ఇంజన్ తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. మల్లేష్ కూడా ఒకప్పుడు మగ్గాల మీద పనిచేసినవాడే. తరువాత కడోదరా చౌరస్తాలో చిన్న గ్యారేజీ తెరిచి, గుజరాతీలో, తెలుగులో పేరు రాయించి బోర్డు తగిలించాడు.

జీపు మరగడం మొదలయ్యాక సంపత్ నోరు ఊరుకోలేదు. నర్సవ్వ మెస్సులో నలభై మంది మనవాళ్లు అన్నం తింటుండగా, "మల్లేష్‌గాడు ఇంజన్ పెట్టలే, నా జీపుల పొయ్యి పెట్టిండు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వే కొద్దీ ఇంకో రెండు మాటలు కలిపాడు. ఆ మాటలు జోల్వా దాటాయి. చౌరస్తా దాకా వచ్చిన బండ్లు మల్లేష్ గ్యారేజీ ముందు ఆగకుండా పక్కదానికి మళ్లడం మొదలైంది. మూడు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి మల్లేషే తమవాళ్లలో పెద్దమనిషి లస్మయ్య దగ్గరికి వెళ్లాడు.

"కాకా, ఆదివారం నువ్వు గూడ జీపుల కూసో. హైవే మీద కిమ్ ఊరు దాక పోయొద్దాం. నా ఇంజన్ల లోపమున్నదని తేలితే బోర్డు తీసేసి మళ్ల మగ్గాల కాడికే వస్త."

అలా ఆ ఆదివారం ఉదయం ముగ్గురూ బయలుదేరారు. మల్లేష్ స్టీరింగ్ పట్టాడు. పక్కన లస్మయ్య, వెనక సంపత్. సంపత్‌కు తన మాటే నెగ్గాలని ఉంది, దాచడమెందుకు? కానీ అంతకన్నా పెద్ద దురద ఇంకొకటి ఉంది. అసలు ఎందుకు మరుగుతోంది? రేడియేటర్ కడిగించాడు, మూత మార్చాడు, పైపులు మార్చాడు, నీళ్లలో చిక్కుకున్న గాలి తీశాడు. మగ్గమైతే మూడో పూటకు గుట్టు విప్పేది. ఇది మూడు నెలలైనా విప్పలేదు.

కడోదరా దాటి వేగం అందుకోగానే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది. కామ్రేజ్ రాకముందే ఎర్రగీత దగ్గరికి చేరింది. మల్లేష్ బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండా అలాగే ఉంచాడు. ఐదు నిమిషాల్లో ముల్లు మెల్లగా కిందికి దిగింది.

లస్మయ్య మీసం గోక్కున్నాడు. "గమ్మతున్నది గదరా! నిలబడితె సల్లగైతది, ఉరికితె కాగుతది. గిదేం ముచ్చట?"

సంపత్ దిగి ముందువైపు జాలీ దగ్గర చెయ్యి పెట్టాడు. వేడిగాలి చేతికి గట్టిగా కొట్టింది. "ఫ్యానైతె మంచిగనె ఉన్నది. ఎంత వేడి బయటికి కొడుతుందో సూడు కాకా" అన్నాడు కాస్త గర్వంగానే. ఆ గర్వానికి కారణముంది. కొత్త ఇంజన్ పొడుగు కావడంతో రేడియేటర్ వెనక ఫ్యానుకు చోటు దొరకలేదు. "అది నేను సూసుకుంట" అని సంపతే కరెంటు ఫ్యాను ఒకటి కొని రేడియేటర్ ముందు బిగించుకున్నాడు. షెడ్డు గోడల్లో వేడిని బయటికి తోసే ఫ్యాన్లు వందసార్లు బిగించిన చెయ్యి. ఇదొక లెక్కా?

మల్లేష్ కిందికి దిగి ఇంజన్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఫ్యాను వైపు తలైనా తిప్పలేదు. మూడు నెలలుగా విన్న మాటలు అతని చూపును ఇంజన్‌కే కట్టేశాయి.

"నిలబడ్డంక సూస్తె ఏమెరుకైతది? ఉరికేటప్పుడు ఏమైతుందో సూడాలె" అన్నాడు లస్మయ్య.

ఆ మాట సంపత్ బుర్రలో నాటుకుంది. లూమ్ మాస్టరు చొక్కా జేబులో పెన్ను లేకపోవచ్చు గానీ దారం లేకుండా ఉండదు. మూరెడేసి నాలుగు పోగులు తెంపి జాలీ కమ్మీలకు కట్టాడు. నిలబడిన బండి ముందు ఆ పోగులు ఫ్యాను గాలికి ముందుకు చాచుకున్నాయి. సంపత్ బండెక్కి, పైకప్పు లేని జీపులో అద్దం చట్రం పట్టుకుని నిలబడ్డాడు. "పోనియ్యి" అన్నాడు. మూడు నెలల్లో మల్లేష్‌తో అన్న మొదటి మాట అదే.

ఇరవై స్పీడులో పోగులు ఇంకా ముందుకే ఉన్నాయి. నలభైలో గజగజ వణికాయి. లోపలికి పోబోయి మళ్లీ బయటికి వచ్చాయి. యాభై దాటాక నాలుగూ పైకి లేచి బానెట్ మీద పడ్డాయి. సంపత్ కళ్లు చిట్లించి చూశాడు. అంటే రోడ్డు మీద ఎదురొచ్చే గాలి లోపలికి పోవడం లేదు. జాలీ దాకా వచ్చి, ఎవరో గెంటేసినట్టు పైనుంచి వెళ్లిపోతోంది. గెంటేస్తున్నది ఎవరు?

ఫ్యాను!

షెడ్డు గోడ ఒకచోటే ఉంటుంది, దానికి ఎదురుగాలి లేదు. వేడిని బయటికి కొట్టాలన్నది అక్కడ న్యాయం. జీపు పరుగెత్తుతుంది. గాలి తనంతట తాను లోపలికి వస్తానంటే తన ఫ్యాను దానికి అడ్డం నిలబడి కొట్లాడుతోంది. నిలబడినప్పుడు కొట్లాట లేదు కాబట్టి చల్లగా ఉంది. ఎంత తేలిక! సంపత్‌కు ముందు సంతోషం వేసింది, చిక్కుముడి విడినప్పుడు వేసే అచ్చమైన సంతోషం. ఆ వెంటనే రెండో సంగతి తట్టింది. ఫ్యాను బిగించింది తను. మాట పడ్డది మల్లేష్.

బండి ఆపించి ఫ్యాను వైరు ఊడదీశాడు. "ఏం జేసినవ్?" అని లస్మయ్య అడిగితే, "జర ఆగు కాకా" అన్నాడు. బండి కదిలింది. పోగులు తిన్నగా జాలీలోకి దూరాయి. ముల్లు దిగి సగంలో ఆగింది, కిమ్ దాకా కదల్లేదు.

కిమ్‌లో టీ బండి దగ్గర ఆగారు. మల్లేష్ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "చెప్పు. నా ఇంజన్ల ఏం లోపం?" అన్నాడు నేల చూస్తూ.

ఫ్యాను వైరు వదులైందంటే సరిపోతుంది. ఆ మాట సంపత్ నాలుక చివర దాకా వచ్చింది కూడా. పోగుల గుట్టు తెలిసింది తనొక్కడికే. ఫ్యాను తర్వాతెప్పుడో తిప్పి బిగించుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తలవంచుకున్న మల్లేష్‌ను చూస్తూ ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"నీ ఇంజన్ బంగారమసొంటిది. ఫ్యాను నేను ఉల్టా పెట్టిన. షెడ్డుల పెట్టినట్టె పెట్టిన."

ముగ్గురూ కలిసి ఫ్యాను విప్పి, వెనకది ముందుకు తిప్పి బిగించారు. పావుగంట పని. వచ్చేటప్పుడు హైవే మీదా, కామ్రేజ్ ట్రాఫిక్ జామ్‌లోనూ ముల్లు సగం దాటలేదు.

"మాకు చెప్పుడు కాదు. యాడ నవ్విచ్చినవో ఆడనే చెప్పాలె" అన్నాడు లస్మయ్య. సంపత్ తలూపాడు.

ఆ మధ్యాహ్నమే మెస్సులో నలభై కంచాల ముందు సంపత్ నిలబడి, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. వడ్డిస్తున్న నర్సవ్వ గరిటె ఎత్తి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ ఫ్యాను తప్పుకు వాని ఇంజన్‌ను తిట్టినవ్‌రా!" అంది. షెడ్డు మనుషులందరూ పగలబడి నవ్వారు. సంపత్ సిగ్గుపడుతూనే వచ్చి మల్లేష్ పక్కన కూర్చున్నాడు. పీడ వదిలిందనుకున్నాడు.

మల్లేష్ నవ్వలేదు. అన్నంలో వేళ్లు పెట్టి, "బోర్డు పొద్దుగాలనె దించిన" అన్నాడు.

"అదేంది? కిమ్‌కు పోకముందేనా?"

"పరాయోడు అంటె కొట్లాడుదును. అన్నది నువ్వు. మగ్గం సప్పుడు ఇని జబ్బు చెప్పేటోనివి. నా చెయ్యే కరాబయ్యిందనుకున్న."

ఆ మాటతో సంపత్‌కు ఏడుపొచ్చింది, నలుగురిలో కూర్చున్నానన్న సిగ్గు కూడా దాన్ని ఆపలేదు. కలిపిన అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"లే బావా. నిచ్చెన యాడున్నదో సూపియ్యి."

"తిన్నంక పోదాం తియ్యి."

"లే" అని సంపత్ అతని భుజం పట్టుకుని లేపాడు.

ఇద్దరూ జీపెక్కారు. నర్సవ్వ ఆ రెండు కంచాల మీద మూతలు పెట్టి, మిగతావాళ్లకు వడ్డించడానికి వెళ్లింది.