సగం నునుపు కుండ

గరుకు కుండ కనబడితే చాలు, మెర్టిల్ చేతులు ఊరుకోవు. వాళ్లమ్మ ఇచ్చిన ఏటిరాయితో రుద్ది రుద్ది, నిగనిగలాడే నల్లకుండలు చేసి, అమెరికాలో చెరోకీ ఆదివాసుల ఊరికొచ్చే టూరిస్టులకు అమ్మి పిల్లల్ని పెంచిన చేతులవి. వాటికి ఎవరేం చెప్పగలరు?

ఆ పొద్దున కూతురు కొరీన్ వరండాలో ఆరబెట్టిన కుండ కంటబడింది. మొక్కజొన్న వలుస్తున్న మెర్టిల్ లేచివెళ్లి, ఏదో ఆలోచిస్తూనే రుద్దేసింది. ఒక పక్కంతా నున్నగా అయ్యాక గానీ చేసిన తప్పు తెలిసిరాలేదు. గీతలు చెక్కిన చెక్కతో కొరీన్ ఓపిగ్గా తట్టి వేసిన అచ్చు ఆ పక్కన చెరిగిపోయింది. ముత్తవ్వల కాలంలో వంటకుండలన్నిటికీ అలాగే వేసేవారట. టూరిస్టులకు నునుపే నచ్చడంతో ఆ పని మూలపడింది. శనివారం బిగ్ కోవ్ పేటలో జరిగే ఊరి భోజనాలకు ఆ కుండలోనే వండుతానని కొరీన్ అందరికీ చెప్పుకుంది.

"ఏం చేశావమ్మా!" అంది బయటికొచ్చిన కొరీన్.

"చెయ్యి ఊరుకోలేదే. మళ్లీ అచ్చు వెయ్యి."

"మట్టి బిగుసుకుపోయింది. కొడితే పగులుతుంది."

"పోనీ ఇంకోటి చెయ్యి."

"శనివారానికి ఎక్కడ ఆరుతుంది? పచ్చిది నిప్పుల్లో పెడితే టపాకాయలా పేలిపోదూ? నా పని నీకెప్పుడూ గిట్టదులే!"

మెర్టిల్‌కు ఏడుపొచ్చింది. ఆ అచ్చు చూసి కోడి కెలికినట్టుందని వెక్కిరించింది తనే మరి.

కుండను అలాగే కాల్చారు. మెర్టిల్ మంట పక్కనే కూర్చుని, అది అన్ని వైపులా సమంగా వేడెక్కేలా తిప్పుతూ, పగలకూడదని దేవుడికి దండాలు పెట్టుకుంది. పగల్లేదు. శనివారం అందులో చిక్కుడు గింజలు, మొక్కజొన్న కుతకుతా ఉడికాయి.

"ఇదేంటే, కుండకి సగం గెడ్డం గీశారు?" అంది పక్కింటి ఆల్వా.

"మా అమ్మ మంగలి పని నేర్చుకుంటోంది పిన్నీ," అంది కొరీన్. మెర్టిల్ అందరికంటే గట్టిగా నవ్వింది. కూతురు మళ్లీ హాస్యమాడింది, అదే చాలు.

భోజనాలయ్యాక కుండ కడుగుతుంటే, తడికీ జిడ్డుకీ నునుపు పక్క చేతిలోంచి సర్రున జారింది. కుండ పోయిందే అనుకుంది మెర్టిల్. కానీ రెండో చేతి వేళ్లు గీతల్లో పట్టు దొరకబుచ్చుకున్నాయి. కుండ నిలిచింది.

"కొరీన్! ఈ గీతలు అందానికి కాదే, పట్టుకి!"

"మరి నేను మొత్తుకునేది అదేగా."

మెర్టిల్ ఆ గీతల్ని తడుముతూ ఉండిపోయింది. పేరు కూడా తెలియని ముత్తవ్వ తడిచేతులు ఇలాంటి గీతల్నే పట్టుకుని ఉంటాయని తోచింది.

సోమవారం మెర్టిల్ మట్టి ముందేసుకుని కొత్త కుండ మలిచింది. తన ఏటిరాయిని కొరీన్ ఒళ్లో పడేసింది.

"ఇది దాచెయ్. నా చేతికి అందనివ్వకు. ఆ అచ్చు చెక్క ఇలా ఇవ్వు."

"మెల్లగా తట్టమ్మా, గోడ పలచన."

"నాకు చెప్తావుటే!" అని ఒక్కటేసింది. చెక్క కాస్తా కుండలోకి దిగబడింది.

కొరీన్ పకపకా నవ్వుతుంటే, మెర్టిల్ ఆ మట్టిని ముద్ద చేసి మళ్లీ మొదలుపెట్టింది.