భుజం ముక్క

క్లినిక్‌లో చిన్నకోడలికి రేపే ఆఖరి రోజు. తోటివాళ్లకి తలా ఒక చిట్టి పుస్తకం ఇవ్వాలనుకుంది. ఒకవైపే అచ్చైన పాత కాగితాలు మడిచి, ఖాకీ కాగితం అట్టగా పెట్టి, మధ్యలో దారంతో కుడితే సరి. మధ్యాహ్నానికల్లా బల్ల మీద చిన్న దొంతర లేచింది. ఖాకీ కాగితం మీదున్న పెన్సిలు గీతలు అట్టలకి భలే అందమిచ్చాయి.

"తలుపు వెనక చుట్టిపెట్టిన కాగితం ఏదే?" కుట్టుమిషను గదిలోంచి పెద్దకోడలు అరిచింది. "టీచరమ్మ కోటు కొలత దాని మీదే ఉంది. ఆవిడకి ఒక భుజం కిందికుంటుంది. ఎన్నిసార్లు పిలిచి సరిచూశానో!"

చిన్నకోడలి చేతిలో సూది ఆగిపోయింది. అట్ట మీది గీత ఇప్పుడు భుజంలాగే కనిపిస్తోంది.

'చూళ్లేదక్కా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పోన్లే, ఆవిడ వచ్చే వేళైంది, ఇంకోసారి కొలతలకి నిలబెడితే బాగోదు. గుర్తున్నంతవరకు గీసి కత్తిరించేస్తా."

కోటు కుట్టమని ఇచ్చిన గుడ్డ టీచరమ్మది. పోయిన తల్లి కప్పుకున్న శాలువా. మళ్లీ దొరికేది కాదు.

"కత్తెర పెట్టకక్కా!" పుస్తకాలన్నీ ఒళ్లో వేసుకుని పరుగెత్తింది.

పెద్దకోడలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"డిజైన్ అనుకున్నానక్కా..."

"నీ మొహం డిజైను. విప్పు."

ఇద్దరూ కుట్లు విప్పారు. చెత్తబుట్టలోంచి ముక్కలేరి టేపుతో అతికించారు. వీపు కుదిరింది, చేతులు కుదిరాయి. వంగిన భుజం దగ్గర మాత్రం ఖాళీ.

"ఇంకోటి ఎవరికిచ్చావ్?"

"అత్తయ్యకి."

ఈ గొడవ విన్న అత్తగారు పుస్తకాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. అట్ట మీద అప్పుడే పెద్దక్షరాలతో తన పేరు రాసేసుకుంది.

"అత్తయ్యా, టీచరమ్మ భుజం మీ దగ్గరుంది."

"నా దగ్గర ఎవరి భుజాలూ లేవు. ఇచ్చింది లాక్కుంటారా?"

"ఆవిడ అమ్మగారి శాలువా అత్తయ్యా. పాడైతే ఏం చెప్పను?" పెద్దకోడలు బతిమాలింది.

గేటు చప్పుడైంది. అత్తగారు కోడళ్లిద్దరి వంకా చూసి, తొడ కింది పుస్తకం తీసి, అట్ట లాగి ఇచ్చింది.

"మీరు పదండి. ఆవిణ్ణి నేను కూర్చోబెడతా."

శాలువా మీద అతుకుల కాగితం పరిచి గుండుసూదులు గుచ్చారు. ముందుగదిలోంచి అత్తగారి గొంతు: "మా చిన్నది నాకో పుస్తకం కుట్టింది, చూస్తారా? అట్టొకటే లేదు..."

కత్తెర ఆగింది.

"ఎందుకు లేదండీ?" టీచరమ్మ అడిగింది.

"కొత్తది వేసిస్తానంది. వెయ్యకేం చేస్తుంది!"

పెద్దకోడలు ఊపిరి వదిలింది. "గట్టిగా పట్టుకో. కదిలిందంటే ఇద్దరం పోతాం."

చిన్నకోడలు అరచేత్తో అత్తగారి పేరుని నొక్కిపట్టింది. దాని పక్కగా కత్తెర మెల్లగా భుజం దిగింది.