ఏడు కోట్ల బండికి అంటని మట్టి

చౌటుప్పల్‌లో హైవే పక్కన అండాలు నడిపే వాటర్ సర్వీసింగ్ షెడ్డు పొద్దున ఆరింటికే తెరుచుకుంటుంది. మోటరు వేయడం, పైపు దులపడం, బకెట్లో షాంపూ కలపడం, పక్కింటి గోవిందమ్మతో రెండు మాటలు. ఏళ్ల తరబడి ఇదే వరస. ఒక్క పని మాత్రం రెండేళ్ల కింద తగ్గిపోయింది. అంతకుముందు, గిరాకీ రాకముందే ఆమె మొట్టమొదట కడిగేది షెడ్డు మూలన నిలబడ్డ పాత ర్యాలీ కారును.

ఆ కారు ఎటూ పోయేది కాదు. ఇంజను పట్టేసి ముప్పై ఏళ్లయింది. అయినా తెల్లారేసరికి దాని మడ్‌గార్డుల నిండా తడిమట్టి ఉండేది. ఒకనాడు రాచకొండ గుట్టల ఎర్రమట్టి, ఒకనాడు నల్లరేగడి, ఒకనాడు డిండి వాగు ఇసుక. అది పందేలలో పరుగెత్తిన దారులన్నీ రోజుకొకటి చొప్పున దాన్ని వెతుక్కుంటూ వచ్చేవి. గోవిందమ్మ గోడ మీంచి తల పెట్టి, "ఇయ్యాల ఏం మట్టి పడ్డది అండాలూ?" అని అడిగేది. ఎర్రమట్టయితే పొయ్యి అలకడానికి, నల్లమట్టయితే మల్లెచెట్టుకు. ఇసుక పడ్డనాడు మాత్రం మొహం ముడుచుకుని లోపలికి పోయేది.

అండాలు భర్త గాలయ్య ఆ కారులో పదేళ్లు నావిగేటరుగా కూర్చున్నాడు. నడిపే సారు పక్కన, ఎడమ సీట్లో, తొడ మీద కాగితాలు పెట్టుకుని, రాబోయే మలుపును ముందే అరిచి చెప్పడం ఆయన పని. సారు కాలం చేశాడు, కారు గాలయ్య షెడ్డులోనే ఉండిపోయింది. మూడేళ్ల కింద గాలయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పోయింది. ఇక రాదని దవాఖానలో తేల్చి చెప్పారు. ఇంటికొచ్చిన మర్నాడు అండాలు ఏం తోచక, మడ్‌గార్డు మీది మట్టి తీసి ఆయన కుడి అరచేతిలో పెట్టింది. గాలయ్య వేళ్లతో నలిపి చూసి, "దేవరకొండ రోడ్డు. కుడికి వంపు. రాళ్లున్నయ్," అన్నాడు. అండాలు నిలబడ్డచోటే బోరున ఏడ్చింది. ఆ తర్వాత రోజూ ఆ నాలుగు మాటలే. ఏ దారి మట్టయితే ఆ దారి మాటలు, అంతకు మించి ఒక్క ముక్క లేదు. అయినా వాటితోనే ఆమెకు రోజు గడిచిపోయేది.

అలాంటి కారును రెండేళ్ల కింద కృష్ణకాంత్ తీసుకుపోయాడు. ప్లాట్ల వ్యాపారంలో కలిసొచ్చినవాడు, పాత బండ్లంటే పడి చస్తాడు. సారు కూతురి దగ్గర కాగితాలు రాయించుకున్నాడు. విదేశంలో ఎక్కడో ఒక వర్క్‌షాపు ఉందట. పాత ర్యాలీ కారు ఇస్తే విప్పదీసి, కొత్త సామానుతో, అదే రూపంలో మళ్లీ కట్టి ఇస్తుందట.

"ఫికర్ చెయ్యకమ్మా. చాసిస్ నంబరు మారదు. నంబరు అదే అంటే బండి అదే. రాంగనే మొదలు నీ తాననే నీళ్లు కొట్టిస్త," అన్నాడు.

అండాలు ఆ మాట నమ్మింది. బండి కాగితాల కోసం చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు కదా, అలాంటి అచ్చొకటి తీసి దేవుడి పటం వెనక దాచుకుంది. కారు లారీ ఎక్కిన రోజు నుంచి గాలయ్య నోరు మళ్లీ మూతపడింది.

ఆ కారు ఈ ఆదివారం తిరిగొచ్చింది.

సంగతి తెలిసి హైదరాబాదు నుంచి, భువనగిరి నుంచి, ఆలేరు నుంచి పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు పదిహేను మంది దిగారు. లారీ మీద కవరు తీయగానే అందరూ నోళ్లు తెరిచారు. అదే డబ్బా ఆకారం, అవే నాలుగు లైట్లు. కానీ పాతది ఎన్నడూ ఇంత నున్నగా లేదు. తలుపుల మధ్య సందులో వెంట్రుక కూడా దూరేలా లేదు.

"మొత్తం ఎంత పడ్డది అన్నా?" అని ఎవరో అడిగారు.

"అన్ని కలిపి ఏడు కోట్లు."

భువనగిరిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరైన పరమేష్ చేతిలో చాయ్ ఒలికి ప్యాంటు తడిసింది. ఆయన అది చూసుకోను కూడా లేదు.

"ఏడు కోట్లా! ఇంజను కొత్తది, గేరు కొత్తది, రేకు తీసేసి కార్బన్ ఫైబర్ పెట్టిరి. ఇంగ పాతది ఏమున్నదయ్యా ఇందుల? పేరొక్కటే ఉన్నది. పేరుకు ఏడు కోట్లు పెట్టినవా?"

"సార్, ఆ కాలం బ్రేకులతోని ఘాట్ రోడ్డు దిగితే మనం గోడ మీద ఫొటోలల్ల ఉంటుంటిమి," అంది అనూహ్య. ఆమె కార్ల డిజైను చేసే ఇంజనీరు, మాట మీద మాట పడనివ్వదు. "చిన్నప్పుడు ఏ బండి చూసి పిచ్చెక్కిందో గా బండినే భయం లేకుండ నడుపొచ్చు. తప్పేముంది?"

"నడుపుతడా? అడుగమ్మా. ఏడు కోట్లు పెట్టినోడు దీన్ని బురదల దించుతడా?"

అందరూ కృష్ణకాంత్ వైపు చూశారు. బురద అన్న మాటకే అతని చెయ్యి వెళ్లి బానెట్ మీద పడింది. పకపకా నవ్వారు.

అండాలుకు ఈ గొడవేదీ పట్టలేదు. లోపలికి పోయి గాలయ్యను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. ఆయన కుడిచేతి కణుపులతో మడ్‌గార్డు మీద కొట్టి చూశాడు. రేకు మోగే ఖంగుమనే చప్పుడు రాలేదు. ప్లాస్టిక్ బిందె మీద కొట్టినట్టుంది. గాలయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అండాలు గబగబా పటం వెనకున్న కాగితం తెచ్చి, కొత్త బండి నంబరు మీద ఇంకో కాగితం పెట్టి పెన్సిలు రుద్దింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క అంకె తేడా లేదు.

"సారూ, ఒక్క పూట దీన్ని ఈన్నే ఉంచుండ్రి. తెల్లారి మట్టి పడ్తది. ఆయనకు ఆ మట్టి కావాలె," అంది. చేతులెత్తి దండం పెట్టినంత పని చేసింది.

"ఏడు కోట్ల బండి ఈ రేకుల షెడ్డులనా!" అని అనూహ్య అదిరిపడింది.

ఆ మట్టి కథ ముందే విన్న పరమేష్ మాత్రం, "ఉంచు. మట్టి పడితే గిది అదే బండని నేనే ఒప్పుకుంట. ఇంగెన్నడు నోరు తెరువ," అన్నాడు. కృష్ణకాంత్‌కూ ఆ ఒప్పుకోలే కావాలి. తాళం చెవి జేబులో వేసుకుని, సరేనని పోయాడు.

సోమవారం ఆరు కొట్టకముందే అందరూ మళ్లీ దిగారు. అండాలు షట్టరు ఎత్తింది.

బండి అద్దంలా మెరుస్తోంది. మడ్‌గార్డు మీద మట్టి లేదు. టైర్ల మీద లేదు. అండాలు కింద పడుకుని లోపలి దాకా చెయ్యి పెట్టి తడిమింది. చేతికి దుమ్ము కూడా అంటలేదు.

"షాంపూతోని కడిగిన్రా ఏంది?" అన్నాడు కృష్ణకాంత్. రంగు వెలిసిపోయిన మొహంతో బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నంబరు అదే కదమ్మా. నంబరు అదే కదా!"

పరమేష్ గెలిచాడు కానీ, తనే వంగి చక్రాల కింద ఇంకోసారి వెతికాడు. అనూహ్య ఫోను లైటు వేసి ఆయనకు చూపించింది. అండాలు మాత్రం షెడ్డు వెనకున్న ఇంటి వైపు నడిచింది. ఈ సంగతి ఆయనకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. రెండేళ్లు ఆశపెట్టుకుని బతికింది, ఇప్పుడు ఆ ఆశా పోయింది. ఇక ఈ ఇంట్లో తన గొంతు తనే వింటూ బతకాలి. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

గడప దగ్గర కాలు జారబోయి ఆగింది. నేల తడిగా ఉంది. వెనకవైపు తలుపు నుంచి మంచం దాకా ఎర్రటి అడుగులు పడి ఉన్నాయి. కుడికాలిదొకటి, ఎడమకాలిదొకటి, కుడికాలిదొకటి, ఎడమకాలిదొకటి.

అండాలు దుప్పటి కాళ్ల దగ్గర పట్టుకుని, భయం భయంగా ఎత్తింది. గాలయ్య పాదాలు చీలమండల దాకా ఎర్రమట్టిలో ముంచి తీసినట్టున్నాయి. మూడేళ్లుగా నేల మీద ఆనని ఎడమకాలి వేళ్ల సందున గడ్డిపోచ ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏడికి పోయొచ్చినవయ్యా?" అంది.

"రాచకొండ," అన్నాడు గాలయ్య. "ఎడమకు వంపు. దిగుడు. రాళ్లున్నయ్."

అంతటితో ఆగిపోతాడని ఆమెకు తెలుసు. ఎప్పుడూ అంతే. కానీ ఆయన ఆగలేదు.

"సారు లేడు గదా. నేనే తోలిన. ఎడమ సీటు ఖాళీగున్నది." పెదవులు తడుపుకుని ఆమె మొహంలోకి చూశాడు. "రేపు నువ్వు గూడ రా, అండాలూ."

మూడేళ్ల తర్వాత ఆ నోట తన పేరు విని అండాలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. బయట షెడ్డులో ఏడు కోట్ల బండిని లారీ ఎక్కిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గోడ మీంచి గోవిందమ్మ తల పెట్టింది.

"ఇయ్యాల ఏమన్న పడ్డదా అండాలూ?"

"ఎర్రమట్టి వదినా. జర ఆగు, ఇప్పుడే కడుగను," అంది అండాలు.

ఆ రెండు పాదాలనూ అలాగే, మట్టితోనే ఒళ్లో పెట్టుకుంది. చీర ఎర్రబడుతుంటే చూస్తూ చాలాసేపు కూర్చుంది. కళ్లు తుడుచుకుని, "రేపు ఎన్నింటికి లేవాలె?" అని అడిగింది.