మొక్కజొన్న పొడిలో నిద్ర

చెల్లెలు పోయిన నలభై మూడో రోజున తను పెంచిన సూక్ష్మజీవి కూడా పోయింది. చావలేదు. గాజు సీసాలో చక్కగా తింటోంది, పెరుగుతోంది. చేయవలసిన పని మాత్రం మానేసింది.

ఆ కబురు మా ఇంటికి తెచ్చినవాడు కుక్కరు బాబాయి. చెల్లెలి ప్రయోగశాలలో సీసాలనూ పళ్ళేలనూ ఆవిరిపెట్టెలో ఉడికించి శుభ్రం చేయడం ఆయన పని. ఆ పెట్టెను చూసి చెల్లెలే ఆ పేరు పెట్టింది. మాకు చుట్టమేమీ కాదు. పన్నెండేళ్ళు తన పక్కన పనిచేసి బాబాయి అయ్యాడు. చెల్లెలి చెప్పులు, టిఫిన్ డబ్బా, కళ్ళజోడు ఒక సంచిలో తెచ్చి నా చేతికిచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు.

ఆ తప్పేమిటో తెలియాలంటే ముందు ఆ జీవి చేసే పని చెప్పాలి. గింజలు ఒలిచాక మిగిలే మొక్కజొన్న బెండ్లు, గోధుమ పొట్టు, ఎండుగడ్డి, ఇలా పొలంలో తగలబెట్టేసే చెత్త మీద అది బతుకుతుంది. దానికి నోరు లేదు. అందుకని ఒంట్లోంచి ఒక ఎంజైమును బయటికి వదులుతుంది. ఆ ఎంజైము కత్తెరలాగా నారను ముక్కలు చేసి చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర నీటిని జీవి పీల్చుకుంటుంది. మనుషులకు కావలసింది ఆ కత్తెర. కాగితం మిల్లులో గుజ్జుకు దాన్ని పట్టిస్తే, తెల్లబరచడానికి పోసే ఘాటు మందులు కొంత తగ్గుతాయి. చెల్లెలు ఉద్యోగమంతా దీనిమీదే గడిపింది. ఆ జీవికి బెండ్ల పొడి తప్ప మరొకటి పెట్టేది కాదు. ఎప్పుడూ అరకడుపే.

తను పోయాక ఆ సీసాలను చూస్తే బాబాయికి జాలేసింది. తల్లి లేని పిల్లకు పొట్టు పెట్టడమేమిటని చక్కెర కలిపిన రసం పోశాడు. మర్నాటికి సీసా పాలలా తెల్లబడింది. సంతోషపడి, రోజూ ఒక చుక్క తీసి కొత్త రసంలో వేస్తూ వచ్చాడు. రోజుకు ఆరేడు తరాల లెక్కన, నలభై రోజుల్లో దానికి రెండు వందల యాభై తరాలు దాటిపోయాయి. మనుషుల లెక్కలో ఆరు వేల ఏళ్ళు. కత్తెర తయారుచేసే కష్టం పడనివి తొందరగా పెరిగి, కష్టపడేవాటిని పక్కకు నెట్టేశాయి.

"వండి వడ్డించేవాళ్ళుంటే పొయ్యి దగ్గరికి ఎవరు వెళ్తారు బాబాయ్," అన్నాను.

"అల్లుణ్ణి చేసి కూర్చోబెట్టానమ్మా." ఆయన నవ్వలేదు.

గడ్డకట్టించి దాచినవి వేరే ఉండేవట. చెల్లెలు ఆసుపత్రిలో ఉన్న వారంలోనే ఆ ఫ్రీజరు చెడిపోయింది, ఎవరూ చూసుకోలేదు. కరిగి కంపుకొడుతుంటే అన్నీ పారేశారు. నెలాఖరులోగా దారి దొరక్కపోతే బయటినుంచి వేరే జీవిని తెప్పిస్తానని ప్రయోగశాల పెద్దసారు చెప్పాడట. అంటే చెల్లెలి పన్నెండేళ్ళు అక్కడితో సరి.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, ఒకప్పుడు చెల్లెలు ఆ జీవిని బెండ్ల పొడిలో ఎండబెట్టి కొన్ని గాజుగొట్టాలలో మూసి ఉంచిందనీ, అరలన్నీ వెతికినా ఒక్కటీ దొరకలేదనీ అన్నాడు.

ఒకటి నా దగ్గర ఉంది. ఆరేళ్ళ క్రితం, మా బడిపిల్లలకు చూపించమని చెల్లెలు ఇచ్చింది. నేను చెప్పేది లెక్కలు. చిటికెడు గోధుమరంగు పొడిని చూపించి ఏం చెప్పాలో తెలియక, బడి బీరువాలో అట్లాసుల వెనక పెట్టాను. ఒక్క పిల్లకూ చూపించలేదు.

మర్నాడు సెలవు. కాపలాదారు చేత గది తీయించి గొట్టం తీశాను. దానికి దారంతో కట్టిన చీటీ మీద చెల్లెలి దస్తూరి: "నిద్రపోతోంది. లేపేముందు నాకు చెప్పు." చీటీ విప్పి మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

ప్రయోగశాల గదిలో నానిన పొట్టు వాసన. కిటికీ అద్దాల మీద ఆవిరి. తలుపు వెనక మేకుకు తన తెల్లకోటు ఇంకా వేలాడుతోంది. బాబాయి గొట్టం మూతి విరిచి, పొడిని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను వేడి తొట్టెలో పెట్టాడు. ముల్లు ఎనభై డిగ్రీల మీద ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"చచ్చిపోదూ?"

"అడ్డమైనవీ పోతాయమ్మా. మనది పోదు. ఎండిపోయేటప్పుడు ఒంటిచుట్టూ గోడ కట్టుకుని పడుకుంటుంది. ఈ వేడి దానికి భుజం తట్టి లేపినట్టు."

పది నిమిషాలు గడియారం చూస్తూ నిలబడ్డాను. చెల్లెలికి జ్వరం ఇదే సెల్సియస్ లెక్కలో నలభై ఒకటి దాటినప్పుడు డాక్టరు తల తిప్పుకున్నాడు. ఇది ఎనభైలో ఉంది.

తర్వాత ఆ నీటిని, బెండ్ల నార కలిపి పేరబెట్టిన జెల్లీ పళ్ళేల మీద పూసి, వెచ్చని పెట్టెలో మూశాడు. రెండు రోజులు ఆగాలన్నాడు. ఆ రెండు రోజులూ బడిలో భిన్నాలు చెప్పాను. పిల్లలు అడిగినవాటికి జవాబులు కూడా చెప్పాననుకుంటాను.

మూడో రోజు సాయంత్రం వెళ్ళేసరికి మూడు పళ్ళేలు బల్ల మీద ఉన్నాయి. ఒక్కోదాని మీద ఆవగింజలంత చుక్కలు. బాబాయి వాటిమీద ఎర్ర రంగు పోసి, పావుగంట ఆగి, ఉప్పునీళ్ళతో కడిగాడు. నార ఉన్నచోట రంగు పట్టుకుంటుంది, కత్తెర పడినచోట పట్టుకోదు.

మొదటి పళ్ళెం అంతా ఎరుపే. రెండోదీ అంతే. వేడికి ఓర్చుకున్న వేరేవేవో మొలిచినట్టున్నాయి. బాబాయి మూడోదాన్ని తీయకుండా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేనే తీసి దీపానికి పట్టాను.

అంచు దగ్గర ఒక చుక్క. దాని చుట్టూ, చందమామ చుట్టూ వరదగుడి కట్టినట్టు, రంగు వెలిసిన వలయం. చుక్కకు దాదాపు పదింతలు వెడల్పు.

చాలాసేపు పట్టుకునే ఉన్నాను. ఆరేళ్ళు నీటిబొట్టు లేదు, మెతుకు లేదు. నేను అట్లాసులు తీసి పెడుతూ దాని పక్కనే తిరిగాను. తడి తగలగానే ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకుంది. చెల్లెలు నేర్పిన విద్య కాదది. మనుషులు పుట్టకముందునుంచీ రాలిన ప్రతి ఆకునూ, ఎండిన ప్రతి కాడనూ ఇలాంటివే మట్టిలో కలుపుతున్నాయి. వాటిలో ఒకదాన్ని తను చూసింది, వదలకుండా పన్నెండేళ్ళు చూస్తూనే ఉంది. తను అన్నం కూడా మరిచిపోయి ఇక్కడ ఎందుకు కూర్చునేదో నాకు ఆరోజు తెలిసింది.

బాబాయి పిలిస్తే పెద్దసారు వచ్చాడు. వంగి, ఊపిరి తగలనంత దూరంలో నోరు పెట్టి, స్కేలుతో వలయాన్ని కొలిచాడు. పద్దెనిమిది మిల్లీమీటర్లు. చెల్లెలి రిజిస్టరులో ఇరవై అని ఉంది. వేరే జీవి కోసం బయటికి రాసే ఉత్తరం ఆపుతానని చెప్పి, పళ్ళేన్ని రెండు చేతులతో కింద పెట్టాడు.

"ఇక దీనికి చక్కెర చూపించకు బాబాయ్," అన్నాను.

"పస్తులే పెడతానమ్మా," అన్నాడు. ఈసారి నవ్వాడు.

ఇది అరచెయ్యంత పళ్ళెంలో జరిగిన పని. మిల్లుకు సరిపడా కత్తెర తీసే రెండు వేల లీటర్ల తొట్టెలో, నలగ్గొట్టిన బెండ్ల మధ్య, అది ఇలాగే పనిచేస్తుందో లేదో చూడాలి. ఆ తొట్టె ఇంకా నింపలేదు.