ఇద్దరు కాసులమ్మలు, ఒకే గుండె

బతు బస్తీ కాసులమ్మ పొద్దున్నే చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరికితే, అదే ఊళ్ళో మిన్నీ బే పేటలో ఇంకో కాసులమ్మ మంచినీళ్ళ చెంబు కోసం వెతుక్కునేది. ఆసుపత్రి చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పటి నుంచీ ఇదే తంతు. ఇద్దరి పేరూ కాసులమ్మే, ఇద్దరి నాన్నల పేరూ యర్రయ్యే. పేరూ తండ్రి పేరూ కలిశాయి కదా, ఒకే మనిషి అనుకుని కంప్యూటరు ఇద్దర్నీ తన పట్టికలో, అంటే టేబుల్లో, ఒకే వరసలో పెట్టేసింది. అప్పట్నుంచి ఒకావిడకి జ్వరమొస్తే రెండో ఆవిడకి కూడా ఇరుగుపొరుగు జావ కాచి ఇచ్చేవాళ్ళు.

ఆసుపత్రి డేటాబేసు చూసుకోడానికి డాలీగంజ్ నుంచి క్యారొలిన్ కొత్తగా చేరింది. అప్పుడే మిన్నీ బే కాసులమ్మకి స్కాన్ తీశారు. గుండె వాల్వ్ పాడైపోయింది, ఈ దీవి నుంచి షిప్పులో విశాఖ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలి. ఇన్నాళ్ళూ ఆవిడ తిరుగుతున్నది బతు బస్తీ కాసులమ్మ గుండె బలం మీదే. ఇప్పుడా గుండె కూడా రెండొళ్ళు లాగలేక అలిసిపోతోంది.

కానీ ఆపరేషన్ కాగితం బయటికి రాదే! మిన్నీ బే ఆవిడ రిపోర్టు ఎక్కించగానే బతు బస్తీ ఆవిడ రిపోర్టు వచ్చి దాన్ని చెరిపేస్తుంది. 'గుండె బాగుంది' అంటుంది కంప్యూటరు.

"వీళ్ళని విడదీస్తాను," అంది క్యారొలిన్. "పేరొక్కటే మనిషికి గుర్తు కాదు లాయిడ్ భయ్యా. ఒక్కొక్కరికీ ఇంకెవరికీ లేని నంబరివ్వాలి. అదే ప్రైమరీ కీ."

స్కాన్ గదిలో పనిచేసే లాయిడ్ తల అడ్డంగా ఊపాడు. "విడదీస్తే మిన్నీ బే ఆంటీకి తన గుండే మిగుల్తుంది. షిప్పు విశాఖ చేరేదాకా అది కొట్టుకుంటుందా? సోచో జరా, కాస్త ఆలోచించు."

ఆ సాయంత్రం క్యారొలిన్ బతు బస్తీ వెళ్ళింది. కాసులమ్మ బజ్జీల మూకుడు ముందు కూర్చుని, ఆయాసపడుతూనే అంతా వింది.

"ఆపరేసనయ్యేదాకా నా గుండే వాడుకోమను బేటీ," అంది. "అలాగ మిషన్లో పెట్టడం నీకొచ్చా? అది సెప్పు."

"వచ్చేదాకా లేవను ఆంటీ."

మర్నాడు పొద్దున్న కుర్చీలో కూర్చున్న క్యారొలిన్ మధ్యాహ్నం దాటినా లేవలేదు. ఇద్దరికీ రెండు వరసలు చేసి, రెండు నంబర్లు ఇచ్చింది. ఎవరి రిపోర్టు వాళ్ళ నంబరు కిందికి చేరింది. కాగితం రావడానికి అది చాలు. గుండె సంగతే ఎంతకీ తెగలేదు. చివరికి గుండెలకి వేరే టేబుల్ కట్టింది. ఇక మనిషి వరసలో గుండె ఉండదు, ఆ టేబుల్లోని ఫలానా గుండె అని చూపించే నంబరు మాత్రం ఉంటుంది. దాన్నే ఫారిన్ కీ అంటారు. కాసులమ్మలిద్దరి ఎదురుగానూ బతు బస్తీ గుండె నంబరే వేసింది. మధ్యలో కరెంటు పోయినా పని సగంలో ఆగిపోకుండా అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి, మార్పులన్నీ ఒక్కసారే ఖాయం చేసే కమిట్ కొట్టింది.

మిన్నీ బే కాసులమ్మ ఎక్కిన షిప్పు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ బతు బస్తీ కాసులమ్మ బజ్జీల బండి తియ్యలేదు. మెట్టు ఎక్కలేదు. అల్లుడు గణేశ్వరరావు తాగొచ్చి అరిచినా కోపం తెచ్చుకోలేదు. "నాను అలిసిపోతే అక్కడ దానికి ఆగిపోద్ది," అంటూ గోడకి ఆనుకుని, మెల్లగా ఊపిరి తీసుకుంటూ కూర్చుంది.

విశాఖ నుంచి మిన్నీ బే కాసులమ్మ కూతురు చిట్టితల్లి ఫోన్ చేసింది. "ఆపరేషన్ అయింది దీదీ. అమ్మ గుండె అమ్మకి ఇచ్చెయ్యమంటున్నారు డాక్టర్లు."

గుండె నంబరు మార్చమని క్యారొలిన్ అప్‌డేట్ రాసింది. ఏ వరస మార్చాలో చెప్పే 'వేర్' మర్చిపోతే, టేబుల్లో ఉన్న పేషెంట్లందరికీ ఆ ఒక్క గుండే వస్తుంది. నంబరులో ఒక్కో అంకే పైకి చదువుకుని, మీట నొక్కింది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"కొట్టుకుంటోంది దీదీ," అంది చిట్టితల్లి ఏడుస్తూ.

షిప్పు తిరిగొచ్చిన రోజు మిన్నీ బే కాసులమ్మ ఎవర్నీ పట్టుకోకుండా హడ్డో జెట్టీలో దిగింది. బతు బస్తీ కాసులమ్మ ఎదురెళ్ళి, ఆవిడ చేతిలో సంచి అందుకోబోయింది.

"ఇలాగియ్యే, నాను మోత్తాను."

"ఒద్దప్పా," అంది మిన్నీ బే కాసులమ్మ అక్క వరస పెట్టి, సంచి భుజానికి ఎత్తుకుంటూ. "ఇకనుంచి నానే మోసుకుంటాను."